కట్టగూడని కొళాయి

మాట ఆపకుండానే ఎర్రన్న బస్టాపు బెంచీ మీది నుంచి లేచాడు. ఆముదం చేలో ఎవరివో గొర్రెలు పడ్డాయని చెప్తున్నవాడు, చెప్తూ చెప్తూనే రోడ్డు దాటి, పంచాయతీవాళ్ళు పెట్టిన సింటెక్సు తొట్టి దగ్గరికి పోయి, ఎవరో బాటిల్ నింపుకుని వదిలేసిపోయిన కొళాయిని తిప్పి కట్టేశాడు. తొట్టికి కొళాయి బిగించిన చోట సన్నగా కారుతోంది. చొక్కా జేబులోంచి గోనె పురికొస ముక్క తీసి, ఆ మొదట్లో చుట్టి, గట్టిగా లాగి, చివరను బొటనవేలి గోటితో చుట్ల కిందికి దోపాడు. కారడం ఆగింది. చేతిని తువ్వాలుకు తుడుచుకుని వెనక్కి వచ్చి కూర్చుని, "ఆ గొర్లోడిని అడిగితే నన్నే ఎదురు అడుగుతాడు పాపా, కంచె ఎందుకు ఎయ్యలేదని," అని మాట పూర్తి చేశాడు.

అంజలికి నాయన చెప్పే గొర్రెలూ వినపడలేదు, కంచే వినపడలేదు. ఎవరో వెనక నుంచి వచ్చి రెండు చెవులూ అరచేతులతో మూసినట్టయింది. ఆ పురికొస చుట్టు ఆమెకు తెలుసు. ఇంతకుముందు చూసింది. ఈ ఊళ్ళో కాదు. అనంతపురం అవతల, తను పనిచేసే ఫ్యాక్టరీ షెడ్డులో, యాసిడ్ తొట్టి పక్కనున్న నీళ్ళ తొట్టి కొళాయికి, ఇదే మొదట్లో, ఇదే బిగువుతో, చివర ఇట్లాగే కిందికి దోపి. మొన్న మధ్యాహ్నం చూసింది. పురికొసను చూసి, కొళాయి కట్టేసి ఉండడం చూసి, పక్కనే నిలబడి ఉన్న పనివాడు జయరాముణ్ణి చూసి, నేరుగా మేనేజరు మల్లికార్జున సారు గదిలోకి పోయి, జయరాముడే సార్, అజాగ్రత్త, అని తన నోటితో తనే చెప్పింది. ఈరోజు పొద్దున పని మొదలుకాక ముందే జయరాముణ్ణి పిలిచి తీసేస్తారు. తీసేసేటప్పుడు, ఏం జరిగిందో అందరి ముందూ చెప్పాల్సింది కూడా తనే. చదువుకున్నదానివి, నువ్వు చెప్తేనే వాళ్ళు ఒప్పుకుంటారు, అన్నాడు సారు.

బస్సు వచ్చింది. ఎక్కింది. ఎట్లా ఎక్కిందో తెలియదు, కాళ్ళకు అలవాటు కాబట్టి అవే ఎక్కాయి. కండక్టరు ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు ఆమె చేతిలో పెట్టి, ఎర్రన్న దగ్గర చిల్లర తీసుకుంటూ, "ఏమప్పా ఎర్రన్నా, కూతురికి ఫ్రీ, నీకేమో టికెట్టు. వచ్చే జన్మలోనన్నా చీర కట్టుకో," అన్నాడు. "ఈ జన్మలోనే కట్టుకొస్తా, ఎక్కిస్తావా?" అన్నాడు ఎర్రన్న. వెనక సీట్లో ఎవరో పకపకా నవ్వారు. అంజలి కూడా నవ్విందేమో, పెదాలు కదిలినట్టు అనిపించింది. టికెట్టును మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

పురికొస ఎవరి దగ్గర ఉండదు? శెనక్కాయ వేసిన ప్రతి ఇంట్లో గోనెసంచులుంటాయి. పంట పోయినా సంచులు మిగులుతాయి, సంచులు చినిగినా పురికొస మిగులుతుంది. జయరాముడిది గుమ్మఘట్ట పక్క పల్లె, వాళ్ళదీ శెనక్కాయ చేనే, వాడి జేబులోనూ ఉండొచ్చు. ఉండొచ్చు, ఉండొచ్చు. కానీ ముడి వేయకుండా చివరను దోపేది ఎవరు? అందరూ ముడి వేస్తారు. ముడేస్తే మళ్ళా విప్పేటప్పుడు కోయాల, కోస్తే పురికొస దండగ, అని దోపేది ఒక్క నాయనే. తన బడిసంచి పట్టీ తెగితే అట్లాగే చుట్టి దోపాడు. డ్రిప్పు పైపు పగిలిన చోట అట్లాగే. డిగ్రీలో చేరేటప్పుడు హాస్టలు పెట్టెకు తాళం లేకపోతే దానికీ అట్లాగే చుట్టి పంపాడు. రూములోని పిల్లలు ముడి కోసం వెతికి వెతికి, దొరక్క, చివర పట్టి లాగితే మొత్తం సర్రున ఊడి చేతిలోకి వచ్చేసరికి నవ్వారు. అప్పుడు తనూ నవ్వింది. ఎన్ని చోట్ల చూసింది ఆ చుట్టును. మొన్న మధ్యాహ్నం మాత్రం గుర్తుపట్టలేదు. కళ్ళు చూశాయి, తల గుర్తుపట్టలేదు. షెడ్డులో నాయన చెయ్యి ఉంటుందని తలకు తోచలేదు. ఆయన అక్కడ వాచ్‌మన్, ఆయన చోటు గేటు. గేటు దగ్గర కుర్చీ, టోపీ, నీళ్ళ సీసా. ఆ ఉద్యోగం ఇప్పించింది తనే.

బస్సు చెరువు కట్ట ఎక్కింది. డ్రైవరు బ్రేకు తొక్కితే కింద ఎక్కడో గాలి బుస్సుమంది, అంజలి చటుక్కున తలెత్తింది. రోజూ ఇదే బస్సు, ఇదే చప్పుడు, రోజూ విని కూడా వినని చప్పుడు. ఆ గాలి ఎటు పోవాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది అరచేతిలో పట్టేంత అల్యూమినియం డబ్బా, బ్రేకు వాల్వు. అట్లాంటి డబ్బాలే తమ ఫ్యాక్టరీకి వస్తాయి, తెల్లగా, మెత్తగా, పాలపళ్ళలాగా. అల్యూమినియం తేలిక, కానీ మెత్తన. లోపల పిస్టను అటూ ఇటూ తిరిగితే చాలు, అరిగి గీతలు పడతాయి. అందుకే హార్డ్ ఆనోడైజింగ్. ఇది పూత కాదు. ఈ మాట ఎంతమందికి చెప్పిందో. రంగు పైన కూర్చుంటుంది, గీకితే పోతుంది. ఇది లోహంలోంచే పుడుతుంది. మంచులాగా చల్లబరిచిన యాసిడ్‌లో ముంచి కరెంటు పంపితే, అల్యూమినియం తన ఒంటినే కొంచెం ఖర్చు పెట్టుకుని, తన మీద తనే ఒక పొర కట్టుకుంటుంది, పైకి ఎంత పెరుగుతుందో లోపలికీ అంతే దిగుతుంది. బయటికి తీసేసరికి తెల్ల డబ్బా మబ్బు రంగులోకి తిరిగి ఉంటుంది. బయట ఎండకు నేల పెట్లుతుంటే షెడ్డులో ఆ తొట్టి పైపుల మీద మంచు పేరుకుని ఉంటుంది. ఉద్యోగంలో చేరిన రోజున ఆ మంచును వేలితో తాకి, అనంతపురంలో మంచు, అని తనలో తనే అనుకుంది.

తర్వాత ఒక సాయంత్రం పనికిరాకుండా పోయిన ఒక డబ్బాను ఇంటికి తెచ్చి నాయనకు చూపించింది. నల్లరంగేసినారా, అన్నాడు. రంగు కాదు నాయనా, గీకి చూడు, అంది. ఆయన కొడవలి మొన తెచ్చి గీకాడు. కొడవలి జారింది. మళ్ళీ గీకాడు, గట్టిగా, పళ్ళు బిగబట్టి. కొడవలి మొన మొద్దుబారింది, డబ్బా మీద గీత లేదు. "ఓయబ్బ!" అని దాన్ని పొయ్యి వెలుతురులో తిప్పి తిప్పి చూసి, అంజలిని చూసి, మళ్ళీ దాన్ని చూసి, "ఈ పని నువ్వు చేస్తాండావా?" అన్నాడు. ఆ గొంతు. డిగ్రీ పట్టా తెచ్చిన రోజున కూడా ఆ గొంతు రాలేదు. అమ్మ తిమ్మక్క మాత్రం పట్టించుకోలేదు. అంతకుముందే ఆమెకు తను కొనిచ్చిన నల్ల బాణలితో పెద్ద యుద్ధం నడుస్తోంది. కొత్తదని చెప్పి మాడిపోయిన బాండ్లి అంటగట్టినారు నీకు, అని బూడిద పెట్టి, చింతపండు పెట్టి, చివరికి ఇటుకరాయి పొడి పెట్టి తోమింది. అది తెల్లగా కాలేదు. ఆనోడైజింగమ్మా అది, అంటే, ఏం జింగో, దరిద్రపు నలుపు, అంది.

ఆ డబ్బాను నాయన పారేయలేదు. తలుపు కొట్టుకోకుండా కింద పెడతాడు. ఒక రోజు దాన్ని ఎత్తి, ఒక మూల చూపించి, ఈడ మాత్రం తెల్లగా ఉండాది, ఎందుకు, అని అడిగాడు. చిన్న చుక్క. తొట్టిలో వేలాడదీసేటప్పుడు కొక్కెం పట్టుకునే చోటు నాయనా, పట్టుకున్న చోట యాసిడ్ తగలదు, పొర రాదు, అక్కడ అది మెత్తగానే ఉంటుంది. ఆయన ఆ చుక్కను బొటనవేలితో రుద్దాడు.  పురికొస దోపే ఆ బొటనవేలే.

బ్రేకుల కంపెనీ నుంచి తిరిగి వచ్చిన పెట్టెలు గుర్తొచ్చాయి. మూత తీస్తే డబ్బాల మర బెజ్జాల్లో తెల్లటి పిండి. బోల్టులు పెట్టే ఆ బెజ్జాలు అడుగు మూసుకుని ఉంటాయి, సన్నటి బావుల్లాగా. యాసిడ్‌లోంచి తీసిన డబ్బాను పారే నీళ్ళలో కడగాలి. కింద నుంచి కొత్త నీళ్ళు వస్తూ, పై నుంచి పాత నీళ్ళు పొర్లిపోతూ ఉండాలి. పారకుండా నిలబడితే ఆ నీళ్ళే యాసిడ్ అవుతాయి. ఆ నీళ్ళలో కడిగింది కడిగినట్టు కాదు. బెజ్జాల అడుగున మిగిలిన తడి మెల్లగా లోహాన్ని తింటూ, పిండిని కక్కుతూ ఉంటుంది. ఒక డబ్బాలో ఆ పిండి పిస్టను దాకా పోయి, పరీక్ష పెట్టేటప్పుడే పట్టేసిందట. పరీక్షలో కాబట్టి సరిపోయింది. లారీలో అయితే? గుత్తి దగ్గర ఆ దిగుడులో, రాళ్ళ లోడుతో? బస్సు మళ్ళీ ఆగింది, మళ్ళీ బుస్సుమంది, ఒక ముసలమ్మ మూటతో ఎక్కింది, ఎర్రన్న జరిగి చోటిచ్చాడు.

ప్రతి పెట్టెలోనూ కొన్నే పాడయ్యాయి. మిగతావి శుభ్రం. ఎందుకు కొన్నే? రోజుల తరబడి తల పట్టుకుంది. యాసిడ్ చూసింది, కరెంటు చూసింది, చల్లదనం చూసింది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి తేలింది, పాడైనవన్నీ మధ్యాహ్నం అన్నాలయ్యాక యాసిడ్‌లోంచి బయటికి తీసినవి. తొట్టిలో కరెంటు నడుస్తున్నంతసేపూ మనిషి పనేం లేదు కాబట్టి, లైను మీది వాళ్ళంతా అప్పుడే బయట రేకుల కిందికి పోయి తింటారు. వచ్చి, డబ్బాలు తీసి, నీళ్ళలో ముంచుతారు. ముంచేది జయరాముడు. అందుకని కాపు కాసింది. అందుకని మొన్న తను తొందరగా తినేసి లోపలికి వచ్చింది. నీళ్ళు నిశ్శబ్దంగా ఉన్నాయి. తొట్టి నిండుగానే ఉంది, అంచు దాకా, తాకితే పొంగేంత నిండుగా, కానీ కదలడం లేదు. జయరాముడు పక్కనే చేతులు తుడుచుకుంటున్నాడు. కొళాయి ఎందుకు కట్టినావు? నేనెందుకు కడతా మేడమ్, మోటరు నిలబడిపోయిందేమో, రోజూ అట్లనే అవుతాండాది, కడిగినంక చూసి నేనే మళ్ళా తిప్పుకుంటా. మరి ఈ పురికొస? కారతాంటే ఎవురో చుట్టినట్టుండారు, మంచిదే కదా. అబద్ధం అనుకుంది. మోటరు నిలబడితే కొళాయి దానంతట అదే మూసుకుంటుందా? కచ్చితమైన ప్రశ్న అనుకుంది. తను చదివిన చదువంతా ఆ ప్రశ్నలో ఉందనుకుంది.

అన్నాలు తినే వేళ. అప్పుడు నాయన ఎక్కడుంటాడు? జయరాముడితోనే తింటాడు. ఇంటి నుంచి తెచ్చిన సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి వాడికీ ఇంత పెడతాడు. ఏమప్పా పెద్దాయనా, గేటు యాడికన్నా పారిపోతుందని చూస్తాండావా, అని వాడు ఎగతాళి చేస్తే, నీ మాదిరి పనిదొంగ పోకుండా చూస్తాండా, అంటాడు ఈయన. తొందరగా తింటాడు. జీవితమంతా తొందరగానే తిన్నాడు. తిని చెయ్యి కడుక్కుని, మిగతావాళ్ళు బీడీలు కాల్చుకుంటుంటే ఊరికే కూర్చోలేడు, షెడ్డు చుట్టూ ఒక చుట్టు తిరిగి వస్తాడు, అది వాచ్‌మన్ పనే కదా. లోపల మనుషులు లేరు. తొట్టి మీంచి నీళ్ళు పొర్లి కాలువలో పోతున్నాయి. చూసేవాడు లేడు.

ఆ దృశ్యం ఇప్పుడు బస్సు కిటికీలో, ఎండిన కంప చెట్ల మీద, ఆమెకు కనిపిస్తోంది. నాయన ఆ నీళ్ళ ముందు నిలబడి ఉన్నాడు. ఎన్ని బోర్లు వేయించాడు. బండి వచ్చి నిలబడ్డప్పుడల్లా అమ్మ కొబ్బరికాయ తెచ్చేది. పొడి దుమ్ము లేచేది, తెల్లటి దుమ్ము, ఇంటి మీద, బర్రె మీద, తన పుస్తకాల మీద. ఆఖరి బోరులో మాత్రం నీళ్ళు పడ్డాయి. సాయంత్రం పడ్డాయి, నాయన ఆ బురదలో కూర్చుని ఒళ్ళంతా తడుపుకున్నాడు, ఊరంతా వచ్చి చూసింది, తెల్లారేసరికి పైపులోంచి ఒట్టి గాలి వచ్చింది. గాలి, ఇట్లాగే, బుస్సుమని. అప్పటి నుంచి ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకు, అంట్లు కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు. హాస్టల్లో మొదటిసారి షవరు కింద నిలబడ్డప్పుడు తను భయపడి బకెట్టు పెట్టింది. అట్లాంటి ఇంటి మనిషి ముందు నీళ్ళు పొర్లిపోతుంటే ఆ చెయ్యి ఏం చేస్తుంది? ఆలోచించదు. పోతుంది, తిప్పుతుంది, కడుతుంది. ఇందాక గొర్రెల మాట మధ్యలో పోయినట్టు.

పైగా చేరిన రోజున ఆయన గేటు పక్కన బోర్డును చూపించి, ఏం రాసినారు పాపా, అని అడిగాడు. నీరు ప్రాణాధారం, ఒక్క చుక్క కూడా వృథా చేయరాదు, అని తను చదివి వినిపించింది. మంచి మాట రాసినారు, అన్నాడు. లోపల యాసిడ్ ఉంటుంది, తొట్లలో చెయ్యి పెట్టగూడదు నాయనా, అని చెప్పింది. సరే అన్నాడు. తొట్టిలో చెయ్యి పెట్టలేదు. కొళాయి తొట్టి బయట ఉంటుంది.

ఎవరికీ తెలియదు. ఈ మాట ఎక్కడి నుంచో వచ్చి మనసులో కూర్చుంది. ఎవరికీ తెలియదు. నాయనకు కూడా తెలియదు. ముందుగా లోపలికి పోయి ఆ పురికొస చివర పట్టి లాగితే సర్రున ఊడి వస్తుంది. రాత్రి అన్నం తినేటప్పుడు, నాయనా, ఇంకమీద షెడ్డులోకి పోవద్దు, సారు ఒప్పుకోరంట, అంటే, సరే పాపా, అంటాడు. అంతే. జయరాముడు మంచి పనివాడు, ఇంకెక్కడన్నా దొరుకుతుంది, పెనుకొండ పక్క ఎన్ని ఫ్యాక్టరీలు లేవు. ఇది ఇంత తొందరగా, ఇంత శుభ్రంగా అమరిపోయేసరికి అంజలి ఉలిక్కిపడింది. ఎదురుగా ఎవరో నిలబడి చెప్పినట్టుంది కానీ, చెప్పింది తనే. ఎప్పుడు కట్టుకుంది ఇంత గట్టి పొరను? మొన్న జయరాముడు తన గది ముందు నిలబడి, మేడమ్, ఒక్కసారి వినండి, అంటే, సారుతో చెప్పుకో, అని అద్దం తలుపు వేసుకున్నప్పుడా? వాడి మొహం అద్దం అవతల ఉండిపోయింది. కోపం లేదు ఆ మొహంలో. తెలియని భాషలో ఎవరో తిడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

పక్కన ఎర్రన్న ముసలమ్మ మూటను కాళ్ళతో అడ్డుపెట్టి దొర్లకుండా చూస్తున్నాడు. ఆయన చెయ్యి ముందు సీటు కమ్మీ మీద ఉంది. వేళ్ళ కణుపులు నల్లబడి, చర్మం గట్టిపడి, గీకినా గీత పడనట్టు. ఆ చెయ్యి తనను బడికి పట్టుకుపోయింది.  అడగకుండా ఉండొచ్చు. ఇంకో మలుపు తిరిగితే అనంతపురం ఇళ్ళు వస్తాయి. అడగకపోతే, తెలిసింది తెలియనట్టే ఉంటుంది.

"నాయనా."

"ఏం పాపా?"

"షెడ్డులో నీళ్ళ తొట్టి కొళాయి... మధ్యాహ్నం నువ్వేనా కట్టేది?"

ఎర్రన్న మొహం విప్పారింది. అది ఆమె ఊహించలేదు. తప్పించుకుంటాడనో, ఏ కొళాయి అంటాడనో అనుకుంది. ఆయన మాత్రం ఎన్నాళ్ళ నుంచో ఎవరన్నా అడుగుతారేమోనని చూస్తున్నవాడిలాగా నవ్వాడు.

"నేనే. ఎవురు చెప్పినారు? ఆడ ఎవురికీ పట్టదు పాపా. అట్ల పోతానే ఉంటాయి నీళ్ళు. రోజూ తిన్నంక పోయి కట్టేసి వస్తాండా. మొదట్లో కారతాంటే పురికొస గూడా చుట్టినా. సారు ట్యాంకర్లు కొని తెప్పిస్తాండాడు గదా, ఆయన ఉప్పు తింటాండాం, ఆమాత్రం చూసుకోవద్దూ?" గొంతు తగ్గించాడు. "నేను చేసినానని సారుకు చెప్పొద్దులే. చెప్పుకుంటే ఏం బాగుంటాది."

బస్సు బుస్సుమంది. ఎవరో దిగారు. అంజలి నోరు తెరిచింది. ఏం చెప్పాలి, ఎట్లా చెప్పాలి, ఈ మొహానికి. ఇట్లా వెలిగిన మొహాన్ని చూసి ఎన్నాళ్ళయింది. ఆ డబ్బాను పొయ్యి వెలుతురులో తిప్పిన రోజున చూసింది. చెప్పకపోతే ఈ వెలుగు ఇట్లాగే ఉంటుంది. ఈ వెలుగు కోసం జయరాముడు ఇంటికి పోతాడు. చెప్పింది. చిన్న పిల్లలకు చెప్పినట్టు కాకుండా, లెక్చరరు చెప్పినట్టు కాకుండా, ఎట్లా వస్తే అట్లా చెప్పింది. నిలబడ్డ నీళ్ళు యాసిడ్ అవుతాయని. బెజ్జాల్లో మిగిలి లోహాన్ని తింటుందని. అవి బ్రేకుల్లో పోతాయని. పెట్టెలు తిరిగొచ్చాయని. జయరాముడు చేశాడని తను సారుకు చెప్పిందని. ఈ పొద్దు వాణ్ణి తీసేస్తారని.

ఎర్రన్న మొహంలో వెలుగు ఒక్కసారిగా పోలేదు. నవ్వు నవ్వుగానే ఉండి, దాని కింద మనిషి లేకుండా పోయాడు. కమ్మీ మీది చెయ్యిని తీసి ఒళ్ళో పెట్టుకుని, దాన్ని చూశాడు. ముసలమ్మ, "ఏమైంది నాయనా, కడుపు తిప్పుతాండాదా? కిటికీ పక్కకి పో," అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. టౌను వచ్చింది, పూల బండ్లు వచ్చాయి, క్లాక్ టవరు వచ్చింది. దిగారు. షేరాటో ఎక్కారు. ఆటోలో ఆరుగురు కుక్కుకుని ఉన్నారు, మోకాళ్ళు మోకాళ్ళకు తగులుతున్నాయి. అప్పుడు అడిగాడు.

"ఆ పొర్లిపోయే నీళ్ళు యాడికి పోతాయి?"

"గుంటలోకి. సున్నం కలిపి యాసిడ్ విరిచేస్తారు."

"చెట్లకు?"

"పనికి రావు నాయనా."

"గొడ్లకు?"

"దేనికీ రావు. వాటి పనే అది. కడిగి పోవడమే."

 "కడిగి పోవడమే," అని తనలో అనుకున్నాడు. తర్వాత, "ఆ పిల్లోడు నా చేతి సంగటి తిన్నాడు పాపా," అన్నాడు.  నువ్వు ఎందుకు ముందే చెప్పలేదు అని మాత్రం అనలేదు. అని ఉంటే బాగుండేది. అంజలి ఎదురుచూసింది, అంటాడేమోనని. దానికి జవాబు కూడా కూడగట్టుకుంది. ఆయన అనలేదు కాబట్టి ఆ జవాబు లోపలే, అడుగు మూసుకున్న బెజ్జంలో తడిలాగా, ఉండిపోయింది.

గేటు దగ్గర ఎర్రన్న ఆగలేదు. మేకుకు వేలాడుతున్న టోపీని తీసుకోలేదు. బోర్డు కింద నుంచి నేరుగా లోపలికి నడిచాడు, చెప్పులు షెడ్డు బయట విడిచి. యాసిడ్ ఉంటుంది నాయనా, చెప్పులు వేసుకో, అనబోయి అంజలి అనలేకపోయింది. లైను ఇంకా మొదలు కాలేదు. మల్లికార్జున సారు నీళ్ళ తొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కన నలుగురైదుగురు. జయరాముడు క్యారియరు సంచి భుజానికి తగిలించుకునే ఉన్నాడు. ఎట్లాగూ పంపించేస్తారు, దించడం దేనికి అన్నట్టు.

"రామ్మా అంజలీ," అన్నాడు సారు. "నువ్వు చూసింది వీళ్ళందరికీ చెప్పు."

"సారూ," అన్నాడు ఎర్రన్న. "కొళాయి కట్టింది నేను. ఈ పిల్లోడు కాదు. రోజూ నేనే."

 మొదట కదిలింది జయరాముడే. "నువ్వా!" అన్నాడు. "థూ, రోజూ మోటరును తిట్టుకుంటి కదప్పా! దాన్ని రిపేరు చేసినోణ్ణి గూడా తిడితి. నువ్వా!" ఎవరికో నవ్వు వచ్చి, సారు మొహం చూసి మింగేశారు.

సారు అంజలి వైపు తిరిగాడు. "మొన్న నువ్వు చెప్పిందేంది?"

"తప్పు చెప్పినా సార్." తన గొంతు తనకే కొత్తగా వినపడింది, ఊరి గొంతు, ఫ్యాక్టరీలో ఎప్పుడూ వాడనిది. "చూసింది సగం, చెప్పింది మొత్తం. గేటు కాడ బోర్డు మీరు పెట్టినారు, దాన్ని మా నాయనకు చదివి వినిపించింది నేను. ఈ ఒక్క కొళాయి కట్టగూడదని ఆయనకు ఎవురూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే."

సారు గడ్డం రుద్దుకున్నాడు. బోర్డు ఉన్న వైపు ఒకసారి చూశాడు, షెడ్డు గోడ అడ్డం ఉంది, కనపడదు. "పెద్దాయన సంగతి, నీ సంగతి సాయంత్రం మాట్లాడదాం," అన్నాడు. ఆ గొంతులో ఏముందో తెలియలేదు. "జయరాముడూ, సంచి దించు. లైను ఎక్కించు."

జయరాముడు సంచి దించాడు. అంజలిని దాటిపోతూ, ఆమె వైపు చూడకుండా, "మేడమ్, ఇంకోసారి సారుకాడికి పోయేముందర నా మాట గూడా ఒకటి వినిపోండి," అన్నాడు. నవ్వలేదు. తర్వాత ఎర్రన్నను చూసి, "నువ్వు కట్టిందాన్ని నువ్వే తిప్పు పెద్దాయనా. బాగా తిప్పు, మొత్తంగా," అన్నాడు.

ఎర్రన్న తొట్టి దగ్గరికి పోయాడు. కొళాయి మీద చెయ్యి వేశాడు. జీవితంలో ఎన్ని కొళాయిలు కట్టిందో ఆ చెయ్యి, ఇప్పుడు తిప్పడానికి దానికి దారి తెలియనట్టు ఒక్క క్షణం ఆగింది. తిప్పాడు. ఇంకా తిప్పాడు, ఇంక తిరగనంత. గొట్టంలో నీళ్ళు గుడగుడలాడి, తొట్టి అడుగు నుంచి పైకి లేచి, అంచు దాకా వచ్చి, అంచు మీద కాసేపు ఉబ్బి నిలబడి, పొర్లాయి. తెల్లగా, శుభ్రంగా, చప్పుడు చేసుకుంటూ కాలువలో పడి పోతున్నాయి. ఊళ్ళో ఎవరి ఇంటికీ ఎప్పుడూ రానన్ని నీళ్ళు. ఎర్రన్న వాటి పోకనే చూస్తూ నిలబడ్డాడు. ఆయన కుడి చెయ్యి మెల్లగా, ఆయనకు తెలియకుండానే, మళ్ళీ కొళాయి వైపు లేచింది. అంజలి చూసింది. ఆయనా చూసుకున్నాడు. ఎడమ చేత్తో ఆ చెయ్యిని మణికట్టు దగ్గర పట్టుకుని, పొట్టకు ఆనించుకుని, వదలకుండా అట్లాగే నిలబడ్డాడు.